దొంగ నాడి

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. మా ల్యాబులో అందరికంటే తెలివైనదాన్ని నేనేనని నా గట్టి నమ్మకం. పో-హాన్‌కి కూడా తన గురించి అదే నమ్మకం. కాకపోతే అతను ఎనిమిదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తూనే ఉన్నాడు.

మాది షించూ అనే ఊళ్ళో ఒక యూనివర్సిటీ. మా పని జంట నక్షత్రాలతో. జంటలో ఒకటి ఎప్పుడో చచ్చిపోయి, ఊరంత సైజుకి కుంచించుకుపోయి, బొంగరంలా తిరుగుతూ ఉంటుంది. రెండోది కొన్ని గంటలకో చుట్టు చొప్పున దాని చుట్టూ పరిగెడుతూ ఉంటుంది. ఆ చచ్చినదాని ఎక్స్‌రే వెలుగు టక్‌టక్‌మని కొట్టుకుంటుంది. అదే నాడి. పైనున్న ఉపగ్రహం ఆ వెలుగుని ఏరి కిందికి పంపుతుంది. బోలెడంత గోలలోంచి నాడి పట్టుకోవడం మా వంతు. దొరికితే డాక్టరేటు. దొరక్కపోతే పో-హాన్.

నాకిచ్చిన జంట డేటా ఏడాదిపాటు నా ఒక్కదానిదే. ఆ తర్వాత లోకమంతటికీ తెరిచేస్తారు.

ఇందులో ఒక తిరకాసుంది. చేరిన రోజే మా గైడు త్సెంగ్ మేడం చెప్పారు. "మీ డేటాలో అప్పుడప్పుడూ నేనే ఒక దొంగ నాడి కలుపుతుంటాను. ఎగిరి గంతేసే ముందు కాస్త ఆలోచించుకోండి."

పరీక్ష అన్నమాట. దానికి సీనియర్లు ఇంకో రెండు రూల్సు తగిలించారు. ఇది మీరు కలిపిందేనా అని మేడంని అడిగితే ఓడినట్టే. తొందరపడి 'దొరికింది' అని అరిచినవాళ్ళు అందరికీ హాట్‌పాట్ విందు పెట్టించాలి.

ఇంతవరకూ ఎవరూ పెట్టించలేదు. మేమంత జాగ్రత్త.

అదృష్టం మాత్రం మా ల్యాబు గడప తొక్కలేదు. మేడం ప్రతి కంప్యూటరు మీదా ఆకుపచ్చ కొబ్బరి చిరుతిండి ప్యాకెట్టు పెట్టించారు. అదుంటే మెషీను మాట వింటుందని ఇక్కడ అందరి నమ్మకం. పసుపుది పనికిరాదు. తేదీ దాటకూడదు. ఎంత ఆకలేసినా తినకూడదు. ఇన్ని చేసినా ఒక్క నాడీ దొరకదు. ఏరి ఏరి మొద్దులే నా దగ్గరికి వస్తారేం అని మేడం నిట్టూరుస్తుంటారు.

మార్చిలో నాకొక నాడి కనిపించింది. ఆ చచ్చిన నక్షత్రం మనవైపు వస్తున్నప్పుడు దగ్గరదగ్గరగా, వెనక్కి పోతున్నప్పుడు ఎడంఎడంగా కొట్టుకుంటోంది. అచ్చం పాఠ్యపుస్తకంలో బొమ్మ.

పో-హాన్ తొంగిచూసి నవ్వాడు. "నిజం ఎక్కడైనా ఇంత అందంగా ఉంటుందా చెల్లీ? మేడం చేతిపనే ఇది. ఇలాంటివి నేను నాలుగు పట్టాను."

నాకిది రెండోదే అని కాస్త చిన్నతనంగా చెప్పాను. చెరిపేశాను. ఉచ్చు తప్పించుకున్న ఆనందంలో ఆ రోజు నాకు మంచి ఆకలేసింది కూడా.

ఏడాది దాటింది. నిజమైన నాడి దొరకనే లేదు. నా డేటా తెరిచేశారు. నెల తిరక్కుండానే జర్మనీలో ఒక బృందం అదే జంటలో నాడి పట్టామని ప్రకటించింది. బొమ్మ చూశాను. నేను చెరిపేసిందే.

నవ్వాగలేదు నాకు. పాపం, అంత పెద్దవాళ్ళు మేడం ఉచ్చులో పడ్డారు. తర్వాత భయమేసింది. పోయేది మన పరువేగా. పో-హాన్‌ని లాక్కుని పరిగెత్తాను.

మేడం బీఫ్ నూడుల్సు తింటున్నారు.

"మేడం, మీరు కలిపిన దొంగ నాడి ఎలాగో బయటికి పోయింది. జర్మనీవాళ్ళు నిజమనుకుంటున్నారు. వెంటనే చెప్పెయ్యాలి."

తన నాలుగూ ఏ దేశం చేరాయోనని పో-హాన్ పక్కనే దిగులుపడ్డాడు.

మేడం చాప్‌స్టిక్స్ కింద పెట్టారు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"దొంగ నాడి ఎలా కలుపుతారో నాకే తెలీదే పిల్లా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారని చేరిన రోజు అందరితో ఊరికే అనే మాట అది."