ఎదురు

దామోదరం కారు స్టార్ట్ చేశాడో లేదో, వీధి మలుపులోంచి నామాల పెద్దాయన ఒకరు ఒంటరిగా ఎదురొచ్చాడు.

వాకిట్లో నిలబడ్డ నాగరత్నమ్మ చెయ్యెత్తి కారు ఆపించింది.

"ఒంటి అయ్యోరు నాయనా! లోపలికొచ్చి రవ్వంతసేపు కూసోని పో" అంది కొడుకుతో.

దామోదరం తల పట్టుకున్నాడు. ఇంకో రోజైతే లెక్కచేసేవాడు కాదు.

పైకప్పులేని ఆ రెండు సీట్ల ఎర్రకారును మద్రాసులో మోజుపడి కొన్నాడు. "నలుగురు ఎక్కలేనిది అదేం కారురా?" అని బెల్లం మండీలో కూర్చుని తండ్రి రోజూ సణిగేవాడు. చివరికి ఆయనే బేరం కుదిర్చేశాడు. రేపు కొన్నవాళ్ళొచ్చి తోలుకుపోతారు.

మద్రాసు దగ్గర షోలవరం రేసుల ట్రాక్ మీద ఎవరి కారు వాళ్ళు తోలుకోనిచ్చే రోజు ఇవాళే. ఒక్కసారైనా ఆ కారును అక్కడ పరిగెత్తించాలని దామోదరం ఆశ.

కొత్తవాడి పక్కన ఆరితేరిన మనిషి కూర్చుంటేనే ట్రాక్ మీదికి వదులుతారు. అందుకు పాణి సార్ ఒప్పుకున్నాడని ట్రాక్ దగ్గర పనిచేసే జయరామ్ కబురు పంపాడు. రేసుల్లో పాణి సార్ పేరు వినడమే గాని, దామోదరం ఆయన్ను ఎన్నడూ చూడలేదు.

పెద్దాయన నేరుగా కారు దగ్గరికే వచ్చి, బానెట్ మీద చెయ్యివేసి నవ్వాడు.

"యాడికప్పా?"

దామోదరానికి ఒళ్ళు మండింది.

"ఎదురొచ్చింది సాలదా సామీ? బయల్దేరేవాణ్ణి యాడికని గూడా అడగల్లా?"

"అది గాదప్పా, నేను..."

"ముందు మీరు పక్కకు పొండి సామీ!"

ఆయన మొహం చిన్నబోయింది. చెయ్యి తీసేసి తప్పుకున్నాడు.

"మంచిదప్పా. పోయిరా."

దామోదరం లోపల కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఆయన లేడు.

వడమాలపేట దాటుతుంటే, పెద్దవాణ్ణి అంత మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది. పుత్తూరు వచ్చేసరికి మరిచిపోయాడు.

షోలవరంలో కార్లు రయ్యిమని తిరుగుతున్నాయి. జయరామ్ ఎక్కడో అవతలి మలుపులో జెండా పట్టుకుని ఉన్నాడట. పాణి సార్ వస్తాడులే అని గేటు దగ్గరి మనిషి అరవంలో చెప్పాడు.

దామోదరం హెల్మెట్ పెట్టుకుని ఎదురుచూశాడు. ఎండ ముదిరాక హెల్మెట్ తీసేసి ఎదురుచూశాడు. పొద్దువాలింది. ఒక్కో కారే వెళ్ళిపోయింది. ఎర్రకారు మాత్రం ఆపినచోటే ఉండిపోయింది. అతనికి ఏడుపొచ్చింది.

జయరామ్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, బండి తోలినావా?"

"యాడన్నా? పాణి సార్ రానేలేదు. రేపటికి బండీ ఉండదు. పొద్దున్నే ఎవరి మొగం చూసినానో ఏమో!"

జయరామ్ తెల్లబోయాడు.

"రాకపోయేదేంది? యాక్సిడెంటైన కాడ్నుంచి ఆయన ఈ ట్రాక్ మొగమే చూళ్ళేదు. మా తిరుపతి పిల్లోడని నీకోసరం ఒప్పుకున్నాడప్పా. 'మళ్ళా అట్లాంటి బండిలో కూసోవాలని ఉండాది, వాళ్ళింటికే పోయి ఆ పిల్లోనితోనే వస్తా' అని రాత్రి ట్రంకాల్ చేసి ఎంత సంబరపడినాడో! నామాలు పెట్టుకుని ఉంటాడు, సారంగపాణి అయ్యంగారని... పొద్దున మీ వాకిట్లోకి రాలేదా?"