సైటుకు బోణీ

ఫోను టింగుమంది.

"అమ్మా, ఆర్డరు వచ్చింది."

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న శిల్ప ఎగిరి లేచింది. సైటు తెరిచి గంట కూడా కాలేదు మరి.

"మీ మామదేనా?" అంటూ హేమలత లోపలి నుంచి వచ్చింది.

"కాదు. ఎవరో పాల్ రాజంట, ఎర్రగుంట్ల. సైదున్నీసత్త నేసిన చీర కొన్నాడు."

"రద్దు చెయ్యి."

"ఏందిమా నువ్వు. వచ్చిందే మొదటి ఆర్డరు."

"మొదటిది కాబట్టే చెప్తాండా. ఎవరి చెయ్యి ఎట్లాంటిదో ఏమో. మీ మామ బోణీ చేసినాంక ఎవరన్నా కొనుక్కోనీ."

హేమలత అన్న రాజశేఖర్‌ది పులివెందుల. ఆయన చెయ్యి పడితే ఏ వ్యాపారమైనా లేచి నిలబడుతుందని చుట్టాలందరికీ గురి. హోటలు తెరిచినా, చీనీ కాయల మండీ తెరిచినా మొదటి బేరం ఆయనదే కావాలి.

శిల్ప వేలు కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత రద్దు నొక్కింది.

ప్రొద్దుటూరులో వాళ్లది గుడ్డల అంగడి. ఈ మధ్య మెట్టెక్కే మనిషే లేడు. ఊరు ఊరంతా ఫోన్లోనే కొంటోంది.

"అయితే మనమూ ఫోన్లోకే పోదాం నాయనా" అంది శిల్ప ఒకరోజు.

కోడింగ్ ఆమెకు అక్షరం రాదు. అది రాకపోయినా సైటు కట్టుకునే సాధనాలు నెట్‌లో దొరికాయి. ఫొటోకు ఒక గడి, ధరకు ఒక గడి, కొనే బటనుకు ఒక గడి. పిల్లలు పిచ్చుక గూళ్లు కట్టినట్టు ఒక్కొక్కటీ లాగి, అతికించి, చెడగొట్టి, మళ్లీ కట్టి నిలబెట్టింది. మగ్గం నేసేవాళ్లెవరైనా తమ సరుకు అందులో పెట్టుకోవచ్చు.

పెట్టింది మాత్రం జమ్మలమడుగు సైదున్నీసా ఒక్కతే. అదీ ఒక్క చీర. అది అమ్ముడుపోతే ఆమె ఉండే మగ్గాల వీధి వీధంతా సైట్లోకి వస్తుంది. పోకపోతే ఎవరూ రారు. అప్పుడిక ఈ అంగడిని సెల్‌ఫోన్లు అమ్మేవాళ్లకు ఇచ్చేయడమే.

అందుకే తండ్రి ఆదినారాయణ పొద్దున్నే గండి ఆంజనేయస్వామికి పూజ చేయించడానికి పోయాడు.

మళ్లీ టింగుమంది. మళ్లీ ఆ పాల్ రాజే. మళ్లీ రద్దు.

శిల్ప మామకు ఫోన్ చేసింది.

"ఎప్పుడు కొంటావు మామా?"

"సైట్లోనే ఉండా పాపా."

"మా సైట్లో నువ్వు కనపడలేదే."

"ఇల్లు కట్టే సైటు పాపా. మేస్త్రీ పక్కనే ఉండాడు. రోంత సేపాగి నొక్కుతాలే."

మధ్యాహ్నం సైదున్నీసా ఫోన్ చేసింది.

"పాపా, ఎప్పుడూ మా చీరలు కొనే షావుకారు వచ్చి వాకిట్లో కూర్చోనుండాడు. చీర ఆయనకు ఇచ్చేదా, ఆపేదా?"

"సాయంత్రం దాకా ఆపు అత్తా."

శిల్పకు కాలు నిలవలేదు. వాకిలి దాకా పోతుంది, వస్తుంది, ల్యాప్‌టాప్ చూస్తుంది, మళ్లీ వాకిలి దాకా పోతుంది.

ఎండ వాలే వేళకు ఒక ముసలాయన మెట్టు దగ్గర నిలబడ్డాడు. తెల్ల చొక్కా నిండా బస్సు దుమ్ము.

"నేను పాల్ రాజునమ్మా. ఎర్రగుంట్ల నుంచి వస్తాండా. చీర కొంటే రద్దు, కొంటే రద్దు అంటాంది. నేనే ఏదో తప్పు నొక్కుతాండానేమో, రోంత చూపిస్తావా తల్లీ?"

శిల్ప కుర్చీ లాగబోయింది. తల్లి అడ్డం వచ్చింది.

"నీ తప్పేం లేదు పెద్దాయనా. మా అన్న బోణీ చేయాల. అంతదాకా ఎవరికీ ఇచ్చేది లేదు. రేపు కొనుక్కో."

ముసలాయన ఏదో అనబోయి ఆగాడు.

"అంగడాయన లేడా?"

"గండికి పోయినాడు. ఫోను కలవదు."

ఆయన అంగడిని ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి చూశాడు.

"సరే తల్లీ. మీ అన్ననే కానీ. బాగా నడవాల మీ సైటు" అని మెట్టు దిగాడు.

"కూర్చోమని కూడా అనకపోతివి" అంది శిల్ప.

"కూర్చుంటే మళ్లీ చీర అడుగుతాడు మే."

పొద్దు గుంకుతుండగా టింగుమంది. రాజశేఖర్ చీర కొన్నాడు.

హేమలత వాకిట్లో టెంకాయ కొట్టింది. శిల్ప సైదున్నీసాకు ఫోన్ చేసి, చీర అమ్ముడుపోయిందని చెప్పింది.

"అల్లా దయ పాపా. షావుకారును పంపించేస్తా."

టెంకాయ చిప్ప ఇంకా తడారలేదు. మళ్లీ టింగుమంది. ఈసారి రద్దు చేసింది రాజశేఖరే.

"ఏంది మామా ఇది?"

"బోణీ కోసం నొక్కినా పాపా. అయిపోయె గదా. ఆ రంగు మీ అత్త కట్టదు."

సంగతి చెప్తే సైదున్నీసా ఫోన్ పెట్టేసి షావుకారు వెనకాల పరిగెత్తింది. కాసేపటికి తనే చేసింది.

"చీర ఆయనకే ఇచ్చేసినా పాపా. నా గడి తీసెయ్. మా వీధిలో వాళ్లను కూడా ఇంక అడగొద్దు."

ఎంతో కష్టపడి అతికించిన గడిని శిల్ప ఒక్క నొక్కుతో తీసేసింది. తెర మీద సైటు పేరు ఒక్కటే మిగిలింది.

అప్పుడే ఆదినారాయణ కుంకుమ పొట్లంతో వచ్చాడు.

"పాల్ రాజు చీర కొన్యాడా?" అన్నాడు చెప్పులు విప్పుతూ.

తల్లీ కూతుళ్లు ముఖాలు చూసుకున్నారు.

"ఆయన నీకెట్ల తెలుసు?" అంది హేమలత.

"పొద్దున్నే కొనమని చెప్పిందే నేను. నీకు చెప్తే మీ అన్నే కావాలంటావని చెప్పలా."

"ఆయనే ఎందుకు నాయనా?" అంది శిల్ప.

ఆదినారాయణ కుంకుమ పొట్లం గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ఇన్నేండ్లు మనకు కూడు పెట్టిన ఈ అంగడికి, తెరిచిన పొద్దు బోణీ చేసింది ఆయన చెయ్యే గదమ్మా."