పదకొండో ప్యానెల్

“పదకొండు ప్యానెళ్ళు, ఒక్కోటి నలభై అయిదు వోల్టులు. మొత్తం నాలుగు వందల తొంభై అయిదు. ఇన్వర్టర్ అయిదు వందలు తట్టుకుంటుంది. ఎక్కాలు కూడా నేనే నేర్పాలా?” అన్నారు రిటైరైన ఫిజిక్స్ మాస్టారు, డాబా మీద సోలార్ ప్యానెళ్ళు కలుపుతున్న ఎలక్ట్రీషియన్ కోడలితో.

“చలికి వోల్టేజి పెరుగుతుంది మామయ్యా. శీతాకాలం పొద్దున్నే ఇన్వర్టర్ కాలిపోతుంది.”

“ఆహా! సూర్యుడు దుప్పటి కప్పుకుంటే కరెంటు పొంగుతుందన్నమాట. ఏ శాస్త్రమమ్మా ఇది, సోది శాస్త్రమా?”

ఆమె ఎండకు కాలిపోతున్న ప్యానెల్‌కు మీటరు తగిలించింది. నలభై ఒకటి. బకెట్‌డు చన్నీళ్ళు దాని మీద కుమ్మరించింది. అంకె మెల్లగా ఎక్కి నలభై నాలుగు దగ్గర నిలిచింది. “బకెట్ నీళ్ళకే మూడు వోల్టులు పెరిగితే, శీతాకాలం చలికి ఒక్కోటి నలభై ఆరు దాటుతుంది మామయ్యా.”

కొలవనిదే నమ్మవద్దని ముప్పయ్యేళ్ళు బోధించిన మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“పదింటితో ఆపెయ్యమ్మా,” అన్నారు చివరికి. “పదకొండోదాని నీడలో కూర్చుని నేను ఫిజిక్స్ చదువుకుంటాను.”