అసలుదో, పిండిదో

ఎదుటివాడు అబద్ధమాడబోతుంటే, వాడింకా నోరు తెరవకముందే నాకు తెలిసిపోతుంది.

ఈ విద్యలో నన్ను మించినవాడు భూమ్మీద లేడు. పక్క గ్రహాల్లో కూడా లేడనే అనుకున్నాను, మొన్న మా బాబాయిని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాకా.

బాబాయి వడ్రంగి. గుండె రక్తనాళం పూడుకుపోతే స్టెంట్ వేసి, రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు రాశారు. అవి ఎంత బాగా పనిచేశాయంటే, ఉలి కాస్త గీసుకుంటే చాలు, ఇంట్లో తువాళ్లన్నీ అయిపోయి పిన్ని కిటికీ కర్టెన్ల దాకా వచ్చేది.

"ఈ రెండూ పారేస్తా. ఉలి పట్టని చెయ్యి నాకెందుకు?" అని బాబాయి తేల్చేశాడు.

"మానేస్తే స్టెంట్ పూడుకుపోతుంది. అసలు మనిషే ఉండడు" అని పిన్ని ఏడ్చింది.

ఏడుస్తూనే నన్ను కాపలా పెట్టి హాస్పిటల్‌కి పంపింది. పిన్నికి మనుషుల్ని ఎంచుకోవడం రాదు.

అక్కడ హాల్లో మా వంతు కోసం కూర్చున్నాం. బాబాయి వేలికి దూది మార్పించుకోడానికి వెళ్లాడు. పక్క కుర్చీలో బట్టతలాయన నా చెప్పుల్నే చూస్తున్నాడు.

"ఎడమ కాలు ఈడుస్తావు కదూ? మడమ దగ్గర అరిగింది. నాది చెప్పుల షాపులే."

"మీకూ రెండు మాత్రలేనా?"

"నాకిప్పుడు ఒకటే. రెండోది అక్కర్లేదని తేల్చింది మేమే."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. కోతలు కొయ్యడంలో మన బాపతు మనిషి దొరికాడు.

"మేమంటే? మీరూ డాక్టరేనా?"

"కాదు బాబూ, పేషెంట్లమే. కొన్నాళ్లయ్యాక రెండో మాత్ర ఆపితే ఏమవుతుందో అప్పట్లో ఎవరికీ తెలీదు. వాడుతూ పోతే రక్తం కారిపోవచ్చు. ఆపితే గడ్డకట్టొచ్చు. అందుకని ఏడాదిపాటు మాలో సగంమందికి అసలు మాత్ర ఇచ్చారు. సగంమందికి అదే రంగు, అదే సైజు, ఉత్త పిండి మాత్ర."

"మీకేది ఇచ్చారు?"

"తెలీదు."

"ఏడాదంతా మింగారు కదా?"

"మింగా. ఇచ్చిన డాక్టరు గారికీ తెలీదు. ఇవాళ చెప్తారట. పరీక్ష రిజల్ట్ లాగుంది, అన్నం కూడా సయించలేదనుకో" అని చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకున్నాడు.

నేను లోలోపల లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మింగినవాడికి తెలీదట. ఇచ్చినవాడికీ తెలీదట. ఇంత పకడ్బందీ కోత నా జన్మలో వినలేదు.

కానీ నాకూ ఒక పరువుంది.

"మీది నయమండీ" అన్నాను నీరసంగా. "నాకు మూడు స్టెంట్లు."

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఈ వయసులోనా?"

"నాలుగోది కూడా వెయ్యాలట. గుండెలో ఖాళీ దొరక్క ఆగారు."

"ఇంట్లోవాళ్లెవరూ రాలేదా నాన్నా?"

"బాబాయి వచ్చాడు. నన్నిలా చూడలేక అటు వెళ్లాడు."

ఆయన నా భుజం నొక్కి, లేచి, తలుపు దగ్గర నర్సుతో ఏదో చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఓడిపోయి పారిపోయాడనుకున్నాను. పాపం అని కూడా అనుకున్నాను. నాది జాలిగుండె.

బాబాయి రాగానే మమ్మల్ని లోపలికి పిలిచారు.

డాక్టరు రిపోర్టులు తిరగేసి, వేలి దూది చూసి, ఒక మాత్ర పేరు కొట్టేశాడు.

"ఈ రెండోది ఆపేద్దాం. మొదటిది మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు."

"ఆపితే గడ్డకట్టదా?" రెండూ పారేస్తానన్న బాబాయే అడిగాడు.

"స్టెంట్ వేసి కొన్నాళ్లయిన మీలాంటివాళ్లకి ఆ భయం పెరగదని ఈమధ్యే తేలింది. రక్తం కారే బెడద మాత్రం తగ్గుతుంది."

"ఉలి పట్టుకోవచ్చా?"

"వారం ఆగి పట్టుకోండి. చూసుకుని."

బాబాయి మొహం చాటంత అయింది. లేచి డాక్టరు బల్ల పట్టుకుని ఊపి చూశాడు. "దీని కాలు వదులైంది సార్. వారం ఆగి నేనే వచ్చి బిగిస్తా." మళ్లీ తనే అడిగాడు. "ఇంతకీ ఇది కనిపెట్టిందెవరండీ? వాళ్ల కాళ్లు పట్టుకోవాలి."

"లెక్కలు వేసింది మాలాంటివాళ్లం. గుండె పణంగా పెట్టింది పేషెంట్లు. మింగేది అసలుదో పిండిదో తెలీకుండా ఏడాదిపాటు మమ్మల్ని నమ్మారు. వాళ్లలో ఒకాయన బయటే ఉన్నారు, చెప్పుల షాపాయన. ఆయనది ఏ మాత్రో నాక్కూడా నిన్ననే తెలిసింది. చెబుదామని పొద్దుట్నుంచీ కాలు నిలవట్లేదు. పిలువమ్మా ఆయన్ని."

నేను కుర్చీ కాస్త తలుపువైపు జరుపుకున్నాను.

"ఆయన వెళ్లిపోయారు సార్" అంది నర్సు. "ఇంకా ఆగితే బస్సు దొరకదట. మళ్లీ ఆర్నెల్లకి వస్తారట. తన వంతు ఈ అబ్బాయికి ఇమ్మన్నారు."

"ఈ అబ్బాయికా? ఎందుకు?"

"మూడు స్టెంట్లున్నాయట సార్."

డాక్టరు ఒక్క ఉదుటున లేచాడు. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకున్నాడు. "గుండీలు విప్పు బాబూ. కంగారుపడకు. ఊపిరి తీసుకో."

బాబాయి నావైపు చూశాడు. ఆ చూపుకి ఇంకా మాత్ర కనిపెట్టలేదు.

"ఒక్కటి కూడా లేదండీ" అన్నాను. "ఆయన నాలాంటివాడే అనుకున్నాను."