పిడికిలి దండం

విమోచన విమోచన అని చప్పట్లు కొట్టి నర్సింగమ్మ గొంతు నొక్కింది మీరే. ఇప్పుడైనా వినండి.

నలభై ఎనిమిదిలో యూనియన్ సైన్యం నిజాం రాజ్యం సరిహద్దు దాటి తిరుమలగిరికి వచ్చింది. రజాకార్లు పారిపోయారు.

"మనోళ్లొచ్చిండ్రు. జర దండం పెట్టరాదయ్యా!" అని భర్త కాటమయ్యను మోచేత్తో పొడిచింది నర్సింగమ్మ.

"దొరకు పెట్టిన దండం గీళ్లకెందుకే? సంఘంల నేర్సిందే పెడత," అని ఆయన సంబరంగా పిడికిలెత్తాడు. "లాల్ సలాం!"

సైనికులు తుపాకులెత్తారు. కమ్యూనిస్టని ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు.

"అయ్యో, గది మా దండమే సారూ!" అని మొత్తుకుంది నర్సింగమ్మ.

వాళ్లలో తెలుగు వచ్చినవాడు లేడు.

కాటమయ్యను ఎక్కించిన లారీకి నర్సింగమ్మ అడ్డం నిలబడింది. నిరుడు ఆయన్ను ఇట్లాగే కట్టి తీసుకుపోయిన నిజాం పోలీసులను అడిగినవే మళ్లీ అడిగింది:

వెట్టి బందు కావాలె.
మా భూమి మాకుండాలె.
నా పెనిమిటి చేతులిప్పాలె.