తెల్లవార్లూ ఆగకూడని పరీక్ష

ఇంటర్నెట్ ఫోన్లలో మాట ఎంత బాగా వినిపిస్తుందో చూసి మార్కులు వేసే డబ్బాలను ఈశ్వరి అమ్ముతుంది. ఒకటి కుందుర్పిలో, ఆమె అద్దె గదిలో ఉంది. దాని జతను తోటి ఉద్యోగి ఓబుళేసు మడకశిరలో బిగించాలి. తెల్లారేదాకా ఆగకుండా మార్కులు వస్తే ఒక ఫోన్ సంస్థవాళ్లు ఇరవై డబ్బాలు కొంటామన్నారు. ఆరు నెలల్లో ఇదే మొదటి బేరం.

పరీక్ష కోసం తన కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు వాక్యం ఇక్కడివాళ్లకు పట్టదని ఆమె తన గొంతుతోనే రికార్డు చేసింది: "ఈ ఏడూ వాన రాలే." ఈ డబ్బా ఆ మాట పంపితే, మడకశిర డబ్బా తిప్పి పంపుతుంది. తిరిగొచ్చిన మాటకే మార్కులు.

అర్ధరాత్రికి ఐదుకు నాలుగున్నర మార్కులు వచ్చాయి. ఓబుళేసుకు ఫోన్ చేసింది.

"మార్కులు చూసినావాప్పా?"

"యాడ మార్కులక్కా? బస్సు దొరకలే. డబ్బా ఇంకా నా సంచిలోనే ఉండాది."

ఫోన్ పెట్టేసి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. తన మాట తిరిగి వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. అందులో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"అన్నం తిన్యావా, ఈశ్వరీ?"

అది తన గొంతే. ఆ మాట తను రికార్డు చేయలేదు.

వేలు డబ్బాను ఆపే బటన్ మీదికి వెళ్లింది. ఆపితే బేరం పోతుంది. ఆ ప్రశ్న ఆమెను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో.

వేలు తీసేసింది.

"ఇంకా లే," అంది మెల్లగా.