దీపం ఆరకపోతే

పొద్దుటి నుంచి ఆకాశం మబ్బు పట్టి ఉంది. చినుకూ లేదు, గాలీ లేదు. పంపుల మెకానిక్ వసారాలో స్పానర్లు తుడుచుకుంటున్నాడు. గూట్లో ఛార్జింగ్ పెట్టిన భర్త ఫోను తీసి, కోడలు ఏవో అంకెలు కొట్టి, మళ్లీ అక్కడే పెట్టేసింది.

"తెరుచుకోలేదా?"

"లేదు మావయ్యా. మా పెళ్లి తేదీ కూడా కొట్టి చూశాను."

"వాడంత తేలిగ్గా దొరికే రకమా!"

కొడుకు పోయి ఏడాది. రైతులు మోటార్ల గురించి అడిగే ఆన్‌లైన్ ఫోరంలో మెకానిక్ చెప్పే మాటలు అంతకుముందు అతనే తన ఫోనులో టైపు చేసేవాడు. ఇప్పుడు కోడలు తన ఫోనులో, కొత్త ఖాతా తెరిచి చేస్తోంది.

ఈ రోజు ఒక రైతు అడిగాడు. పాత బావిలో మోటారు ఆగిపోయింది, తోట ఎండుతోంది, దిగొచ్చా అని. ‘పాతచెయ్యి’ అనే పేరుతో ఎప్పటిదో ఒక జవాబు అక్కడే కనబడుతోంది. "దీపం దింపి చూడు. ఆరకపోతే ధైర్యంగా దిగు." దానికి మూడు వందల లైకులు.

"దిగొద్దని రాశాను. మీకు ఒక్క లైకైనా లేదంటున్నాడు మావయ్యా. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నాయన్ని కాదని మీ మాటెందుకు వినాలట?"

"ఆ పాతచెయ్యికి ఏమీ తెలీదని రాయి."

"అలాగే రాసెయ్యనా?"

"అలాగే. వెధవ అని కూడా రాయి."

ఆమె మొదటి ముక్క మాత్రమే రాసింది.

"కుళ్లుబోతు ముసలాడిలా ఉన్నావే అంటున్నాడు."

"ఉంటే ఉన్నాన్లే. దీపం వెలుగుతున్నా లోపల విషగాలి ఉండొచ్చని చెప్పు. గాలి కొట్టే మిషనువాళ్లని పిలవమను."

"దీపం దింపేశాడట. నిలకడగా వెలుగుతోందట. నడుముకి తాడు కట్టుకున్నాడు."

మెకానిక్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఆ జవాబు తీసెయ్యమని సైటువాళ్లకి రాశావుగా?"

"ఎన్నిసార్లో. రాసినవాళ్లే, ఆ ఖాతాలోంచే తీసుకోవాలంటారు."

ఆయన బావిగట్టు మీద నిలబడ్డవాడిలా నేలకేసి చూశాడు.

"రాయమ్మా. మా అబ్బాయి కూడా దీపం దింపాడు. ఆరలేదు. ఆ సలహా నమ్మే దిగాడు. పైకి లాగింది నేను."

ఆమె ఒక్క మాట కూడా వదలకుండా రాసింది. పొయ్యి మీద అన్నం ఉడికింది. దించింది. ఆమె ఫోను ఇంకా మోగలేదు. రెండు కంచాలు పెడుతుండగా మోగింది.

"తాడు విప్పేశాడు మావయ్యా. మిషనువాళ్లు వస్తున్నారట. తప్పుగా అనుకోవద్దు పెద్దాయనా అంటున్నాడు."

ఆయన తలూపాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. గోళ్లలో గ్రీజు పోలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అడక్కుండానే ఆమె మారు వడ్డించింది. ఆయన తలెత్తకుండా తిన్నాడు. గూట్లో తెరుచుకోని కొడుకు ఫోను పచ్చగా వెలుగుతోంది.

ఆ పాతచెయ్యి ఆయనే.